జెల్ల నోరు తెరిచి చూడండి: సముద్రపు జెల్ల పెరుగుదల, జనాభా లెక్కగట్టే పద్ధతి

"ఏటి బాబూ, కొలిస్తే పెద్దదవుద్దా?"

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో జెల్లల కుప్ప పక్కన కొలత పలక పెట్టుకుని కూర్చున్న మొదటి రోజు, చేపలు వేరుచేస్తున్న ఒక పెద్దావిడ నన్నడిగిన మాట ఇది. అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఆవిడకి ఇవ్వాల్సిన జవాబు ఈ వ్యాసమంత పొడుగుంటుందని తర్వాత తెలిసింది. ఒక చేపని కొలిస్తే ఏమీ తెలియదు. ఏడాది పొడుగునా, నెలనెలా, వందల చేపల్ని ఒకే పద్ధతిలో కొలిస్తే మాత్రం ఆ చేప ఏడాదికి ఎంత పెరుగుతోంది, వందలో ఎన్ని చస్తున్నాయి, అందులో వలకి చిక్కి చచ్చేవెన్ని అన్నది అంచనా వేయొచ్చు.

ఫిషరీస్ చదివే పిల్లల్ని, మొదటిసారి ప్రాజెక్టు చేస్తున్నవాళ్లని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. లాగరిథం, సరళరేఖ గీయడం వస్తే చాలు. సూత్రాలు ఏ చేపకైనా ఒకటే. కానీ జెల్ల దగ్గర ప్రతి మెట్టులోనూ ఒక మెలిక ఉంది. దాన్ని వదిలేసి అంకెల్ని కంప్యూటర్‌లో పోస్తే జవాబు వస్తుంది, తప్పు జవాబు.

ముందు ఆ మెలిక ఏమిటో

సముద్రంలో చాలా చేపలు వేలల్లో, లక్షల్లో గుడ్లు వదిలి తమ దారిన పోతాయి. జెల్ల అలా కాదు. ఆడ జెల్ల పెట్టే గుడ్లు పదుల్లోనే, మహా అయితే వంద, ఆపైన కొంచెం. ఒక్కో గుడ్డు సెంటీమీటరు, అంతకంటే కాస్త పెద్దది, పసుపు రంగు గోలీకాయలా ఉంటుంది. ఆ గుడ్లని మగ చేప నోట్లోకి తీసుకుని పొదుగుతుంది. పిల్లలు బయటికొచ్చి, వాటి పొట్టకింద ఉన్న పచ్చసొన సంచి కరిగేదాకా, వారాల తరబడి నోరు దాటనివ్వదు. అన్నాళ్లూ ఆ తండ్రి దాదాపు పస్తే. పొట్ట కోసి చూస్తే ఖాళీగా ఉంటుంది.

దీనివల్ల మూడు విషయాలు మారతాయి. పొదిగే మగ చేప వలలో పడితే దాంతోపాటు ఒక కాన్పు మొత్తం పోతుంది. పొదిగే నెలల్లో మగ చేప పెరగదు, బరువు కూడా తగ్గుతుంది. పిల్ల నోట్లోంచి బయటపడేసరికే కొన్ని సెంటీమీటర్ల పొడవుంటుంది, కాబట్టి దాని జీవితాన్ని సున్నా పొడవు దగ్గర మొదలుపెట్టడం కుదరదు.

పడమటి తీరంలో ఇది పాఠంగా చూశాం. 1970 దశకం మధ్యలో కర్ణాటకలో పర్స్ సీన్ వలలు, అంటే గుంపు మొత్తాన్ని చుట్టి కిందనుంచి సంచి మూతిలా బిగించే వలలు, పెద్దఎత్తున వచ్చాయి. గుంపులుగా తిరిగే జెల్లలు, నోట్లో గుడ్లు, పిల్లలతో ఉన్న మగవి సైతం, టన్నుల్లో ఒడ్డుకు చేరాయి. తర్వాతి ఏళ్లలో ఆ తీరంలో జెల్ల వేట కుప్పకూలింది. నూనె కవ్వళ్లు (ఆయిల్ సార్డీన్) కూడా ఒక్కో ఏడాది మాయమవుతాయి, కానీ గుడ్లు ఎక్కువ కాబట్టి తిరిగి పుంజుకుంటాయి. జెల్లకి ఆ వెసులుబాటు లేదు.

ఏ జెల్ల?

మార్కెట్లో అన్నీ జెల్లలే. శాస్త్రంలో ఏరిడే కుటుంబం, అందులో ఎన్నో జాతులు. నేను ఉదాహరణగా తీసుకునేది నెటూమా థలాసినా, పెద్దగా పెరిగే రకం. 1837లో రుప్పెల్ అనే జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఎర్ర సముద్రపు చేపని చూసి దీన్ని వర్ణించాడు. పాత భారతీయ పరిశోధనా పత్రాల్లో ఇదే టాకిసూరస్ థలాసినస్. సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ) శాస్త్రవేత్తలు మొజుందార్, డాన్ వాల్తేరు తీరంలో దశాబ్దాల క్రితమే జెల్లల మీద పనిచేశారు. వాళ్ల పత్రాలు వెతకాలంటే ఈ పాత పేరే కొట్టాలి. ఇప్పుడు టాకిసూరస్ అన్న పేరు తూర్పు ఆసియా మంచినీటి చేపలకి పోయింది. కొత్త పేరుతో వెతికి "ఏమీ దొరకలేదు" అనేవాళ్లని చాలామందిని చూశాను.

రంగుని నమ్మొద్దు, ఐసులో రెండు రోజులుంటే ఎవరైనా తెల్లబోతారు. నోరు తెరిచి అంగిట్లో పళ్ల పలకల్ని చూడండి. నెటూమా థలాసినాలో ఒక్కో పక్క మూడేసి పలకలు త్రికోణంలా అమరి ఉంటాయి. ఒకే జత మీసాలు, అవి కూడా ఎముకలా బిరుసుగా ఉంటే అది ఆస్టియోజెనియోసస్ మిలిటారిస్, పక్కన పెట్టేయండి. నెటూమాలోనే బైలీనియేటా అని ఇంకో జాతి ఉంది, థలాసినాతో అచ్చు కలిసిపోతుంది. పాత లెక్కల్లో రెండూ కలిసే అవకాశం ఉంది. అందుకే మొదటి నెలలో ఒక ఇరవై చేపల ఫొటోలు, అంగిలి ఫొటోలతో సహా, దాచుకోండి. వీలైతే నాలుగైదు చేపల్ని ఫార్మలిన్‌లో నిలవ చేయండి. రెండు జాతుల్ని కలిపి ఒక పెరుగుదల రేఖ గీస్తే అది ఏ చేపదీ కాదు.

శాంపిల్ తీయడం

వారానికి ఒకరోజు, ప్రతి వారం అదే రోజు. తెల్లవారుజామునే వెళ్లాలి, వేలం అయ్యాక చేప మీది కాదు. రోజుల తరబడి వేటకెళ్లే మరబోట్లలో పై పొరలో ఉన్నవి ఆఖరి రోజు పట్టినవి, అడుగున ఉన్నవి మొదటి రోజువి. పై బుట్ట ఒక్కటే కొలిస్తే ఒకే చోటి ఒకే గుంపుని కొలిచినట్టు. పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి తీయండి. ఇంకోమాట, బుట్టలోంచి చేపల్ని ఏరవద్దు. బుట్ట మొత్తం కొలవండి. చెయ్యి తెలియకుండానే పెద్ద చేప మీదికి పోతుంది.

కొలిచిన బుట్ట నుంచి హార్బర్ మొత్తానికి లెక్క పెంచాలి. ఒక బోటులో 180 కిలోల జెల్ల ఉంది, మీరు 15 కిలోలు కొలిచారనుకుందాం. ఆ బోటుకి గుణకం 12. ఆ రోజు 30 బోట్లు వచ్చాయి, మీరు 5 చూశారు. ఆ రోజుకి గుణకం 6. అంటే మీరు కొలిచిన ఒక్కో చేపా 72 చేపలకి ప్రతినిధి. ఈ రెండు అంకెలూ ప్రతిరోజూ రాసుకోకపోతే ఏడాది చివర ఏ నెలకి ఎంత బరువివ్వాలో తెలియక తల పట్టుకోవాలి. నేను మొదటి ఏడాది పట్టుకున్నాను.

ట్రాల్ వల, రింగు వల, నిలువు వల, గాలం, దేనికది విడి పట్టిక. గాలానికి పెద్దవి పడతాయి, ట్రాల్‌కి చిన్నవీ పడతాయి. కలిపేస్తే మధ్యలో లేని గుంపు ఒకటి ఉన్నట్టు కనిపిస్తుంది.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. మీ పట్టికలో అక్కడ రంధ్రం తప్పదు. దాన్ని సగటులతో పూడ్చకండి, ఖాళీగా వదలండి. మోటారు లేని చిన్న పడవలకి ఆ నెలల్లో జెల్ల పడితే కొలవండి, కానీ వేరే పట్టికలో.

ఎన్ని చేపలు కావాలి? మోడ్‌లు, అంటే పొడవుల పటంలో శిఖరాలు, కదలడం చూసే పద్ధతికి (ముందు వివరిస్తాను) మొత్తం మీద 1500 దాటితే, అవి కనీసం ఆరు నెలల మీద పరుచుకుంటే, పని నడుస్తుంది. ఒకే నెలలో 1500 కొలిస్తే నడవదు.

పలక మీద చేప

గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. వీపు మీద ఒకటి, రొమ్ము రెక్కలకి చెరొకటి, మొత్తం మూడు ముళ్లు. రంపపు పళ్లుంటాయి, విషం ఉంటుంది, చచ్చిన చేపది కూడా గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు దాటకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా చెయ్యి పెట్టి ఉంచితే నొప్పి దిగుతుంది. ముల్లు ముక్క లోపల ఉండిపోయినా, వాపు పెరిగినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. ఫ్లాస్కులో వేడి నీళ్లు పట్టుకెళ్లడం అలవాటు చేసుకోండి, టీకి కూడా పనికొస్తాయి.

ముక్కు కొస నుంచి తోక చీలిక లోపలి అంచు దాకా ఒక కొలత, తోక పై రెక్క చివర దాకా మొత్తం పొడవు ఇంకో కొలత. జెల్ల తోక లోతుగా చీలి ఉంటుంది, కొసలు ఐసులో విరిగిపోతాయి. కాబట్టి ప్రతి చేపకీ చీలిక పొడవు, తోక బాగున్న ఒక వంద చేపలకి రెండు కొలతలూ తీసి, ఒకదాని నుంచి ఇంకొకటి రాబట్టే సరళరేఖ వేసుకోండి. కింద చెప్పబోయే కొన్ని సూత్రాలు మొత్తం పొడవునే అడుగుతాయి. రెండూ కలిపేయడం ఈ రంగంలో చాలా మామూలు తప్పు.

తర్వాత నోరు తెరవండి. ప్రతి చేపకీ. గుడ్లున్నాయా, పిల్లలున్నాయా, ఖాళీనా, మూడింటిలో ఏదో ఒకటి రాయండి. వలలో నలిగేటప్పుడు మగ చేప గుడ్లని కక్కేస్తుంది, అందుకే నోట్లో ఖాళీ కనిపించినా పొదగడం లేదని తీర్మానించకూడదు. బుట్ట అడుగున పసుపు గోలీలు దొర్లుతూ ఉన్నాయేమో చూడండి. గొంతు కింది చర్మం సాగి వేలాడుతోందా, పొట్ట ఖాళీగా ఉందా, అవి కూడా ఆధారాలే. వేరుచేసే ఆడవాళ్లని అడగండి: "అక్కా, నోట్లో పిల్లలున్నవి ఎప్పుడు ఎక్కువొస్తాయి?" మీ ఏడాది డేటా చివర్లో చెప్పేది వాళ్లు మొదటి రోజే చెప్పేస్తారు. రాసుకోండి, తర్వాత అంకెలతో పోల్చండి.

ఆడా మగా తేడా తెలియాలంటే కోయాలి. పెద్ద ఆడ చేపల్లో పొట్టకింది రెక్కలు పెద్దవై, కండ పట్టి మందంగా ఉంటాయి. అలవాటైతే బయటినుంచే ఊహించొచ్చు, కానీ పట్టికలో రాసేది కోసి చూశాకే. వేలంలో అందరి చేపల్నీ కోయనివ్వరు కాబట్టి, నెలకి ఒక 40, 50 చేపలు డబ్బు పెట్టి కొనండి. ల్యాబ్‌లో పని అయ్యాక పులుసు పెట్టుకోవచ్చు. మా దగ్గర చింతపండు దట్టంగా వేసి పెడతారు.

పొడవు, బరువు

బరువు = ఎ × పొడవు^బి. రెండు పక్కలా లాగరిథం తీసుకుంటే సరళరేఖ అవుతుంది. దాని వాలు బి, అది 3 దగ్గర ఉంటే చేప అన్ని వైపులా ఒకే తీరున పెరుగుతోందని అర్థం. చేతి లెక్కకి ఎ 0.01, బి 3 అనుకుంటే 30 సెంటీమీటర్ల జెల్ల 270 గ్రాములు, 40 సెంటీమీటర్లది 640 గ్రాములు. పొడవు మూడో వంతు పెరిగితే బరువు రెండింతలకి మించింది. చిన్న చేపని ఇంకో ఏడాది వదిలేస్తే ఏమవుతుందన్న వాదన మొత్తం ఈ ఒక్క లెక్కలో ఉంది.

ఆడవాటికి, మగవాటికి, పొదుగుతున్న మగవాటికి మూడు వేరు రేఖలు వేయండి. నోట్లో గుడ్లుంటే వాటిని తీసేసి తూచాలి. పస్తులున్న మగవి రేఖకి కింద పడతాయి. వాటిని కలిపితే బి విలువ కిందికి జారుతుంది, అది చేప ఒంటి తీరు వల్ల వచ్చిన జారుడు కాదు, ఆకలి వల్ల.

పెరుగుదల: మోడ్‌ల వెంట నడవడం

ఇక్కడ నిదానంగా చదవండి. చేపకి పుట్టినరోజు కార్డు ఉండదు. కానీ ఒకే సీజన్‌లో పుట్టిన పిల్లలు దాదాపు ఒకే పొడవుతో ఉంటాయి. పొడవుల్ని 2 సెంటీమీటర్ల గడుల్లో వేసి, ఏ గడిలో ఎన్ని అని నెలవారీ పటం గీస్తే, ఒక్కో ఈడు పిల్లలు ఒక్కో గుట్టలా కనిపిస్తాయి. ఆ గుట్ట శిఖరమే మోడ్. నెలలు గడిచేకొద్దీ అది కుడివైపు జరుగుతుంది. ఎంత జరిగిందో అంత పెరిగినట్టు. జెల్లలో గుడ్లు తక్కువైనా పిల్లలు ఒకే సైజులో విడుదలవుతాయి కాబట్టి చిన్న ఈడులో గుట్టలు బాగా తేటగా ఉంటాయి. పెద్ద ఈడుకి వచ్చేసరికి గుట్టలు ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి.

ఇక నుంచి వాడే అంకెలు లెక్క చూపించడానికి నేను పెట్టుకున్నవి, ఏ హార్బర్‌వీ కావు.

ఒక గుట్ట సెప్టెంబరులో 14 సెంటీమీటర్ల దగ్గర ఉంది. నవంబరులో 16, జనవరిలో 18, మార్చిలో 20. నిషేధం వల్ల మధ్యలో చీకటి. జూన్ చివర 23 దగ్గర ఒక గుట్ట. అది పాతదేనా? నెలకి ఒక సెంటీమీటరు చొప్పున మూడు నెలలకి మూడు, కుదిరింది. కుదిరిందని సంబరపడకుండా, 15, 16 దగ్గర ఇంకో గుట్ట లేదని కూడా చూసుకోండి. అంటే 14 నుంచి 20 దాకా, సగటున 17 పొడవు దగ్గర, ఏడాదికి 12 సెంటీమీటర్ల వేగం. అలాగే ఇంకో పెద్ద గుట్ట సగటున 40 దగ్గర ఏడాదికి 6 సెంటీమీటర్ల వేగంతో కదిలిందనుకుందాం.

రెండు చుక్కలు దొరికాయి. అడ్డంగా సగటు పొడవు, నిలువుగా వేగం. పొడవు 23 పెరిగితే వేగం 6 తగ్గింది. 6 ÷ 23 = 0.26. దీన్నే కె అంటారు, గరిష్ఠ పొడవు వైపు ఎంత త్వరగా వంగుతోందో చెప్పే అంకె. వేగం సున్నా అయ్యే పొడవు: 17 + 12 ÷ 0.26, దాదాపు 63. ఇది ఎల్∞, సగటు చేప ఎన్నాళ్లు బతికినా దాటని పొడవు. మత్స్య శాస్త్రవేత్తలు గల్లాండ్, హోల్ట్ చూపిన ఈ చిన్న పద్ధతిని ముందు చేత్తో చేయాలని నా పట్టుదల. నిజమైన డేటాలో రెండు కాదు, పది పదిహేను చుక్కలుంటాయి, రేఖ చుట్టూ చెల్లాచెదురుగా. ఆ చెదురుని కళ్లతో చూసినవాళ్లకి తర్వాత కంప్యూటర్ ఇచ్చే మూడు దశాంశాల మీద అతి నమ్మకం ఉండదు.

ఆస్ట్రియాకి చెందిన జీవశాస్త్రవేత్త ఫాన్ బెర్టలాన్ఫీ 1938లో ఇచ్చిన సూత్రం ఈ రెండింటినీ కలుపుతుంది: పొడవు = ఎల్∞ × (1 − ఇ^(−కె × (వయసు − టీ0))). ఇ అంటే సహజ లాగరిథం ఆధారం, దాదాపు 2.718. టీ0 అంటే పొడవు సున్నా అయ్యే ఊహాత్మక వయసు. చాలామంది టీ0ని సున్నా అని పెట్టేస్తారు. మన అంకెలతో అలా చేస్తే ఏడాది జెల్ల 14.4 సెంటీమీటర్లు. కానీ జెల్ల పిల్ల తండ్రి నోట్లోంచి బయటికొచ్చేటప్పుడే, ఉదాహరణకి, 5 సెంటీమీటర్లుంటే? అప్పుడు సూత్రాన్ని ఇలా రాయాలి: పొడవు = 63 − (63 − 5) × ఇ^(−0.26 × వయసు). వయసు నోరు విడిచిన రోజు నుంచి. ఇప్పుడు ఏడాదికి 18.3, రెండేళ్లకి 28.5, మూడేళ్లకి 36.4, నాలుగేళ్లకి 42.5, అయిదేళ్లకి 47.2. మొదటి ఏడాదిలోనే నాలుగు సెంటీమీటర్ల తేడా. దీనికి మీరు చేయాల్సింది ఒక్కటే, పిల్లలున్న నోళ్లు దొరికినప్పుడు అందులో అన్నిటికంటే ముదురు పిల్లల్ని, పచ్చసొన సంచి కరిగిపోయినవాటిని, కొలవడం.

ఇక సాఫ్ట్‌వేర్. ఎలెఫాన్ అనే పద్ధతిని డేనియల్ పౌలీ బృందం 1980 దశకం మొదట్లో మనీలాలో తయారుచేసింది. ఎఫ్ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) వాళ్ల ఫిసాట్ అనే సాఫ్ట్‌వేర్‌లో అది ఉంది. ఇప్పుడు ఆర్ అనే కంప్యూటర్ భాషలో ట్రాప్‌ఫిష్‌ఆర్ అనే ప్యాకేజీ ఉచితంగా దొరుకుతుంది, నేను దాన్నే సలహా ఇస్తాను. గుట్టల్ని, లోయల్ని వేరుచేసి, ఎక్కువ శిఖరాల మీదుగా, తక్కువ లోయల మీదుగా పోయే రేఖని వెతుకుతుంది. ఎల్∞ని పూర్తిగా దాని చేతికి వదలకండి. మీరు చూసిన అతిపెద్ద చేపల పొడవుని 0.95తో భాగిస్తే వచ్చే అంకె చుట్టూ పరిధి ఇవ్వండి. పరిధి ఇవ్వకపోతే ఒక్కోసారి అది రెండు మీటర్ల జెల్లని కనిపెట్టి మంచి స్కోరు చూపిస్తుంది. వెతుకులాటని కనీసం పది సార్లు వేరువేరు విత్తన సంఖ్యలతో (వెతుకులాట ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అంకె, సీడ్) నడపండి. పదిసార్లూ పది జవాబులొస్తే లోపం డేటాలో ఉంది.

ఫై ప్రైమ్ కూడా చూడండి, ఎల్∞, కె రెండింటినీ కలిపి పెరుగుదలని పోల్చే అంకె: కె లాగరిథం + 2 × ఎల్∞ లాగరిథం (పది ఆధారంగా). మన అంకెలకి 3.01. అదే జాతి మీద ఇంకెవరైనా చేసిన పనిలో ఎల్∞, కె వేరుగా ఉన్నా ఫై ప్రైమ్ దగ్గరగా ఉండాలి. మీది బాగా దూరంగా ఉంటే, వాళ్లది తప్పని రాసేముందు మీ గడుల వెడల్పు, మీ చీలిక పొడవు–మొత్తం పొడవు మార్పిడి మళ్లీ చూసుకోండి.

చెవిరాయితో సరిచూడడం

చెవిరాయి అంటే చేప తలలో, లోపలి చెవిలో ఉండే సున్నపు గుళిక. చెట్టు మానులోలాగా పొరలు పెరుగుతాయి. మిగతా చేపల్లో సాధారణంగా సాజిట్టా అనే రాయి పెద్దది. జెల్లల్లో లాపిల్లస్ పెద్దది, గుండ్రంగా, గులకరాయిలా ఉంటుంది. పుస్తకంలో సాజిట్టా తీయమని ఉందని దాన్నే వెతుకుతూ కూర్చోకండి. కరీబియన్, దక్షిణ అమెరికా ఉత్తర తీరాల్లో జెల్ల పుర్రెని శిలువ చేప అని దాచుకుంటారు, కింది ఎముకలు శిలువ ఆకారంలో ఉంటాయని. ఎండిన పుర్రెని ఊపితే లోపల గలగలమంటుంది. ఆ చప్పుడు చేసేవి ఈ చెవిరాళ్లే.

రాయిని రెసిన్‌లో పోసి, నెమ్మదిగా తిరిగే డైమండ్ రంపంతో మధ్య నుంచి పలచగా కోసి, సూక్ష్మదర్శినిలో చూడాలి. ఒక చీకటి పొర, ఒక వెలుగు పొర. రెండూ కలిపి ఏడాదికొకటి అని ముందే అనుకోవద్దు. ప్రతి నెలా చేపల్లో ఆఖరి పొర అంచు ఎంత మందం ఉందో కొలిచి, ఏడాదిలో ఒక్కసారే అది సన్నబడుతోందని చూపించాలి. మగ జెల్లలో పొదిగే పస్తుల కాలం కూడా ఒక గుర్తు వేసే అవకాశం ఉంది, కాబట్టి ఆడ, మగ రాళ్లని విడిగా లెక్కించండి. ఇద్దరు మనుషులు, ఒకరిది ఒకరు చూడకుండా.

అన్ని చేపలకీ చేయక్కర్లేదు. ఒక వంద చాలు. గుట్టల పద్ధతి మూడేళ్ల చేప అన్నదాన్ని రాయి ఆరేళ్లదంటే, మీ కె రెట్టింపు తప్పుగా ఉన్నట్టు.

చావుల లెక్క

మొత్తం మరణాల రేటు జెడ్. అందులో వేట వల్ల పోయేది ఎఫ్, రోగం, ముసలితనం, పెద్ద చేపల వాత పడి పోయేది ఎం. జెడ్ = ఎఫ్ + ఎం. ఇంతవరకూ సులువు.

జెడ్ కోసం పొడవుల్ని పై సూత్రంతో వయసులుగా మార్చండి. రెండేళ్లవి 600, మూడేళ్లవి 200, నాలుగేళ్లవి 66, అయిదేళ్లవి 22 దొరికాయనుకుందాం. ఏటా మూడో వంతే మిగులుతోంది. సహజ లాగరిథంలో 3 అంటే 1.10, అదే జెడ్. రెండేళ్లకి తక్కువ వయసువి ఈ లెక్కలోకి రావు, వల కన్నుల్లోంచి జారిపోయేవి అందులో ఉంటాయి కాబట్టి. వయసుకి ఎదురుగా సంఖ్యల లాగరిథం వేస్తే వచ్చే రేఖని శిఖరం తర్వాతి చుక్క నుంచి మొదలుపెట్టాలి. పొడవుల నుంచి నేరుగా చేస్తే, పెద్ద చేప ఒక గడి దాటడానికి ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి, గడిలోని సంఖ్యని ఆ కాలంతో భాగించడం మరవొద్దు. మరిస్తే చచ్చినవి తక్కువగా కనిపిస్తాయి.

ఇప్పుడు ఎం. చేప వేట లేని సముద్రం ఎక్కడా దొరకదు కాబట్టి దీన్ని సూత్రాలతోనే ఊహిస్తారు. అసలు గొడవంతా ఇక్కడే.

పౌలీ 1980 సూత్రం: ఎం లాగరిథం = −0.0066 − 0.279 × ఎల్∞ లాగరిథం + 0.6543 × కె లాగరిథం + 0.4634 × నీటి ఉష్ణోగ్రత లాగరిథం. లాగరిథంలన్నీ పది ఆధారంగా, మొత్తం పొడవు సెంటీమీటర్లలో, ఉష్ణోగ్రత సెల్సియస్‌లో. 63, 0.26, 28 డిగ్రీలు పెడితే ఎం 0.60.

2015లో థెన్, హోనిగ్ తదితరులు ఇచ్చిన సూత్రం: ఎం = 4.118 × కె^0.73 × ఎల్∞^(−0.33). అవే అంకెలకి ఎం 0.39.

ఇప్పుడు చూడండి. మొదటి దారిలో ఎఫ్ = 1.10 − 0.60 = 0.50. మొత్తం చావుల్లో వేట వాటా 0.50 ÷ 1.10 = 0.45. గల్లాండ్ 1971లో చెప్పిన మోటు హద్దు 0.5. దానికి లోపలే ఉన్నాం, ఇబ్బంది లేదు. రెండో దారిలో ఎఫ్ = 0.71, వాటా 0.65. హద్దు దాటేశాం, వేట తగ్గించాలి. అవే చేపలు, అదే పలక, అదే మనిషి. ఒక సూత్రం మార్చితే తీర్పు తిరగబడింది.

ఏది వాడాలి? జెల్ల విషయంలో నేను తక్కువ ఎం వైపే మొగ్గుతాను. మూడు విషపు ముళ్లున్న చేపని మింగడం అంత తేలిక కాదు. పిల్లలు గడ్డు రోజులన్నీ తండ్రి నోట్లోనే గడిపేస్తాయి. కొద్దిమంది పిల్లల్ని కని జాగ్రత్తగా పెంచే జాతి నిలబడాలంటే సహజ చావులు తక్కువే ఉండాలి. ఇది నా అభిప్రాయం, రుజువు కాదు. అందుకే రిపోర్టులో ఒక అంకె రాయను, రెండు సూత్రాలతో, చెవిరాయి ఇచ్చిన గరిష్ఠ వయసుతో వచ్చే మూడో అంచనాతో కలిపి పరిధి రాస్తాను. కె 0.26 అయితే 3 ÷ 0.26, అంటే పదకొండేళ్ల పైచిలుకు బతకాలి. మీ రాళ్లలో అన్నేళ్లది ఒక్కటీ కనిపించకపోతే, ముసలివి ముందే పట్టుబడ్డాయా, కె తప్పా అన్నది ఆలోచించాలి.

గల్లాండ్ హద్దు 0.5 కూడా జెల్లకి ఉదారంగానే ఉందని నా అనుమానం.

జన, నోరు, వచ్చే తరం

చేప జనని, అంటే కడుపులోని గుడ్లని, లెక్కపెట్టడం జెల్లలో సరదా పని, వేళ్లతో ఎంచొచ్చు. అండాశయంలో పెద్ద పసుపు గుడ్లతోపాటు చిన్నవి బోలెడుంటాయి. ఈ కాన్పుకి వచ్చేవి పెద్దవే, వాటినే లెక్కించండి. నోట్లో దొరికిన గుడ్ల సంఖ్య అండాశయంలో కంటే తక్కువుంటే, కక్కినవి పోగా మిగిలినవి అని అర్థం. దాన్ని గుడ్ల సంఖ్యగా వాడకండి.

ప్రతి పొడవు గడిలో పక్వానికి వచ్చినవి ఎంత శాతమో గీసి, సగం చేపలు పక్వానికి వచ్చే పొడవు తీయండి, ఆడకీ మగకీ విడిగా. పక్కనే సగం చేపలు వలకి చిక్కే పొడవు పెట్టండి. రెండోది మొదటిదాని కంటే చిన్నదైతే చేప ఒక్కసారీ పిల్లల్ని కనకముందే పట్టుబడుతోంది. సూత్రాలు, సాఫ్ట్‌వేర్ ఏవీ అక్కర్లేకుండానే బోటు యజమానికి అర్థమయ్యే పటం ఇదొక్కటే.

బెవర్టన్, హోల్ట్ 1957లో ఇచ్చిన "ఒక్కో పిల్లకి ఎంత దిగుబడి" లెక్క ట్రాప్‌ఫిష్‌ఆర్‌లో నాలుగు వరుసల్లో వస్తుంది, దాని మీద ఎక్కువ సమయం పెట్టను. అది పిల్లల సంఖ్య మారదనుకుని నడుస్తుంది. కవ్వళ్ల విషయంలో కొంతవరకు సరిపెట్టుకోవచ్చు. జెల్లలో తల్లిదండ్రులు సగమైతే పిల్లలు దాదాపు సగమవుతాయి. కాబట్టి దిగుబడి పటం పక్కన, వేట లేనప్పటితో పోలిస్తే పునరుత్పత్తి సామర్థ్యం ఎంత మిగిలిందో కూడా వేయండి. మామూలుగా దీన్ని ఆడ చేపలతోనే వేస్తారు. జెల్లకి మగవాటితో కూడా వేయాలి. గుడ్లు ఎన్ని ఉన్నా వాటిని మోసే నోళ్లు లేకపోతే లాభం లేదు. ఒక నోట్లో ఎన్ని పడతాయన్నది మగ చేప తల సైజు మీద ఆధారపడుతుంది కాబట్టి, పెద్ద మగవి తగ్గడం ఆడవి తగ్గడమంత నష్టమే.

ఆఖరుగా నెలల వారీగా ఒక చిన్న పట్టిక తయారుచేయండి: ఆ నెల చూసిన పెద్ద మగ చేపలెన్ని, అందులో నోట్లో గుడ్లో పిల్లలో ఉన్నవెన్ని, బుట్ట అడుగున కక్కిన గుడ్లు కనిపించిన బోట్లెన్ని. పక్కన ఆ ఆడవాళ్లు మొదటి రోజు చెప్పిన నెలలు. ఏ నెలల్లో ఈ అంకె ఎగబాకుతుందో, అవి ఏప్రిల్ 15, జూన్ 14 మధ్యలోకి వస్తాయో రావో చూడండి. రాకపోతే, ఇప్పుడున్న నిషేధం మిగతా చేపలకి ఎంత మేలు చేసినా, మీ తీరంలో జెల్ల తండ్రులు పస్తులుండే రోజుల్ని కాపాడడం లేదన్నమాట. రిపోర్టు మొదటి పేజీలో ఎల్∞, కె కంటే ముందు ఈ పట్టిక పెట్టండి.

ఆ పెద్దావిడకి నేను రెండో ఏడాది చూపించింది కూడా దీన్నే. కాసేపు చూసి, "ఇది నన్నడిగుంటే ముందే చెప్పుదును గదా" అంది. అప్పుడడిగితే ఆవిడ చెప్పిన నెలలు నా నోట్‌బుక్కులో, కుడి చివరి గడిలో ఉన్నాయి. ఒక్క నెల తేడా వచ్చింది. ఆ ఒక్క నెల ఎవరిది తప్పో తేల్చడానికే మూడో ఏడాది కూడా పలక పట్టుకెళ్లాను.